చెట్టు పైన మూడు నిమిషాలు

2023 ఫిబ్రవరి చివరి వారం. ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ, స్పోర్ట్స్ న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతున్నాను. ఒళ్ళు కష్టపడేటప్పుడు గుండె, ఊపిరితిత్తులు, కండరాలు ఎలా నడుచుకుంటాయి, ఆ కష్టానికి ఎంత తిండి, ఎన్ని నీళ్ళు కావాలి అన్నదే మా చదువు. నా తోటివాళ్ళు డిజర్టేషన్ కోసం జిమ్ములూ క్రికెట్ అకాడమీలూ ఎంచుకున్నారు. నేను కొబ్బరి దింపు చేసేవాళ్ళను ఎంచుకున్నాను.

మా గైడ్ మేడమ్‌కి మొదట నచ్చలేదు. "వాళ్ళు అథ్లెట్లు కారు కదమ్మా" అన్నారు. హాస్టల్‌కి వచ్చి మెయిల్ రాశాను: "ఒక్క పూటలో ముప్ఫై నలభై సార్లు యాభై అడుగుల ఎత్తు ఎక్కి దిగే మనిషిని ఇంకేమనాలి మేడమ్?" మర్నాడు "సరే" అని ఒక్క మాటే జవాబుగా వచ్చింది. ఆ మాటను డైరీలో రాసుకుని కింద రెండు గీతలు గీశాను.

మాది అమలాపురం. మా పెదనాన్నగారిది పి.గన్నవరం దగ్గర పల్లెటూరు, ఆయనకు మూడెకరాల కొబ్బరితోట ఉంది. నెలన్నరకోసారి ముదిరిన గెలలను కోసి దించడాన్ని మా వైపు దింపు అంటారు. చుట్టుపక్కల ఊళ్ళలో దింపు చేసేవాళ్ళు పన్నెండుమంది నా అధ్యయనానికి ఒప్పుకుని కన్సెంట్ ఫారం మీద సంతకాలు పెట్టారు. పన్నెండోవాడు సత్తిబాబు. అది అసలు పేరు కాదు. ఇది రాసుకోమని ఆయనే చెప్పినా పేరు మాత్రం మార్చమన్నాడు.

ఆయనకు అప్పుడు నలభై ఆరేళ్ళు. సన్నటి మనిషి, మాట తక్కువ. కింద పడ్డ కాయలను పోగుచేసేందుకు అబ్బులు అనే ఆయన బావమరిది వెంట వచ్చేవాడు. మాటలన్నీ అబ్బులువే.

మొదటి రోజు నేను హార్ట్ రేట్ మానిటర్ తీశాను. ఛాతీకి బెల్టులా చుట్టుకునే పట్టీ అది. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో నా ఫోనుకి పంపిస్తుంది. సత్తిబాబు చొక్కా విప్పి చేతులెత్తి నిలబడ్డాడు. పట్టీ ఎలా కట్టుకోవాలో నేను రెండడుగుల దూరంలో నుంచి గాలిలో చేతులు తిప్పుతూ చెబుతున్నాను.

"ఏం బావా, ఎడ్లకి గంట కట్టినట్టు కడతన్నారు! తప్పిపోతావనేటి?" అన్నాడు అబ్బులు.

"నువ్వూరుకోరా. అమ్మాయిగారు చదువుకుంటన్నారు."

"చదువుకోనీ బావా. నీ గుండెలో ఏవుందో మా అక్కకీ ఇన్నాళ్ళకి తెలుస్తాది."

పెదనాన్నగారు భుజాన తుండుతో పక్కనే నిలబడి నవ్వారు. నేను తలవంచుకుని ఫారం తీశాను. దాన్ని ట్వంటీఫోర్ అవర్ రీకాల్ అంటారు. నిన్న ఈపాటి నుంచి ఇప్పటివరకూ నోట్లో పడ్డవన్నీ మనిషిని అడిగి రాసుకోవడం.

"పొద్దున్న టిఫిన్ ఏం చేసేరండి?"

"ఇడ్లీ అండి. నాలుగండి."

"నీళ్ళు?"

"ఆయ్, తాగేనండి. మూడు గ్లాసులుంటాయండి."

"రోజూ వేసుకునే మందులేమైనా ఉన్నాయాండి?"

"అబ్బే, ఏం లేవండి."

అన్నీ చక్కగా గళ్ళల్లో నింపాను.

ఆ రోజులు నాకిప్పటికీ కలలో జరిగినట్టే ఉంటాయి. ఆరింటికి తోటలో మంచు ఇంకా విడిచేది కాదు. చెట్ల మొదళ్ళు కనిపించేవి, తలలు కనిపించేవి కావు. సత్తిబాబు పాదాలకు తాడు చుట్ట తగిలించుకుని, మానును రెండు చేతులా వాటేసుకుని, కప్పలా ముడుచుకుని సాగుతూ పైకి వెళ్ళేవాడు. కాసేపటికి మంచులో కలిసిపోయేవాడు. ఆ తర్వాత నాకు మిగిలేది ఫోనులో కదిలే ఎర్రటి గీత ఒక్కటే. నూటపది, నూటముప్ఫై, నూటయాభై ఐదు. మనిషి కనబడడు, గుండె కనబడుతుంది. తర్వాత ఎక్కడో ఆకాశంలో కత్తి చప్పుడు, గెల జారిన చప్పుడు, తడినేల మీద ధబ్బుమని ఒక్క మోత. చెట్ల మధ్య కాలవలో నీళ్ళు ఏమీ పట్టనట్టు పోతూనే ఉండేవి.

రెండో రోజు సాయంత్రం గ్రాఫులు దగ్గర పెట్టుకుని చూస్తుంటే ఒక తేడా కనబడింది. మిగతా పదకొండుమంది గెల కోశాక, ఎండు మట్టలు లాగేశాక, ఆగకుండా దిగిపోయేవాళ్ళు. సత్తిబాబు గెల కోసిన తర్వాత కూడా పైనే ఉండిపోతున్నాడు. మొదటి రెండు మూడు చెట్ల మీద అరనిమిషం. ఎనిమిదో చెట్టు దాటాక రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. ఆ సేపంతా గుండె గీత కొండ దిగినట్టు నెమ్మదిగా దిగుతుంది. నేను డైరీలో ఇలా రాశాను: "ఆయనకి పైన ఉండటం ఇష్టం. అక్కడినుంచి గోదావరి పాయ కనబడుతుందేమో. తలల మీదుగా తలలు, ఆకుపచ్చటి సముద్రం. నేను ఎప్పటికీ చూడలేనిది రోజుకు ముప్ఫైసార్లు చూసే మనిషి."

ఆ వాక్యాలు నాకెంత నచ్చాయంటే, అదే రోజు తేలిన ఇంకో సంగతిని పట్టించుకోలేదు. పనికి ముందూ తర్వాతా అందరినీ తూకం వేసేదాన్ని. చెమటగా ఎంత పోయిందో, తాగిన నీళ్ళు దాన్ని ఎంతవరకు పూడ్చాయో దానివల్ల తెలుస్తుంది. సత్తిబాబు చెప్పిన మూడు గ్లాసులకీ ఆయన బరువుకీ పొంతన కుదరలేదు. మూత్రం రంగును బట్టి ఒంట్లో నీరు చాలిందో లేదో చెప్పే రంగుల కార్డు ఒకటుంటుంది. అందులో ఆయనది పొద్దున్నే నీరు చాలలేదని చెప్పే ముదురురంగు గళ్ళలో ఉంది. కాటా ఎగుడుదిగుడు నేల మీద పెట్టాను కాబట్టి తప్పు చూపించిందనుకున్నాను. కార్డు మీద వెలుతురు సరిగ్గా పడలేదనుకున్నాను. తనకు నచ్చిన కథ ఒకటి దొరికాక మనిషి లెక్కల్ని ఎంత తేలిగ్గా క్షమించేస్తాడో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మూడో రోజు. మంచు పోయి ఎండ చురుక్కుమంటోంది. పదకొండో చెట్టు. సత్తిబాబు గెల కోశాడు, పైన కూర్చున్నాడు, దిగడం మొదలుపెట్టాడు. సగం దూరం వచ్చి ఆగిపోయాడు.

మొదట నేను ఫోనే చూశాను. నూట అరవై ఎనిమిది. ఆగిన మనిషికి ఆ అంకె దిగాలి. దిగలేదు. తలెత్తాను. ఆయన మానుకు చెంప ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. పాదాల తాడు మీద కాళ్ళు వణుకుతున్నాయి. చేతి కత్తి జారి కిందికి వచ్చి నాకు నాలుగు బారల దూరంలో నేలలో దిగబడింది.

"బావా!" అని అరిచాడు అబ్బులు. "దిగిపో బావా, దిగిపో!"

సత్తిబాబు ఒక కాలు కదపబోయాడు. నా గొంతు నాకే తెలియనంత గట్టిగా వచ్చింది. "కదలకండి! సత్తిబాబు గారూ, కదలకండి! చెట్టు గట్టిగా పట్టుకోండి. గాలి పీల్చండి. నేను అంకెలు చెబుతాను, వింటూ ఉండండి."

ఏ పుస్తకంలోనూ అలా చెప్పమని లేదు. చేతిలో ఉన్నది ఫోనొక్కటే, అందులో కనబడుతున్నదే చదివాను. నూట అరవై ఐదు. నూట అరవై. నూట అరవై. నూట యాభై నాలుగు. కొట్టం వైపు నుంచి పెదనాన్నగారు వస్తున్నారు. నూట ముప్ఫై ఒకటి దగ్గర సత్తిబాబు కళ్ళు తెరిచాడు. నూట ఇరవై దగ్గర మెల్లగా, ఒక్కొక్క జానే దిగి నేల మీద కూలబడ్డాడు.

"ఏమైందిరా?" అన్నారు పెదనాన్నగారు.

"ఏం లేదండి. ఎర్రచీమలండి. మొవ్వులో చీమలగూడుందండి, కంట్లోకి వచ్చేసేయండి" అన్నాడు సత్తిబాబు. అని నా వైపు చూశాడు. అబ్బులు కూడా చూశాడు. ఫోను నా చేతిలో ఉంది. దాన్ని సంచిలో వేసేశాను.

పెదనాన్నగారు వెళ్ళాక కాలవ మెట్ల దగ్గర కాళ్ళు కడుక్కుంటూ ఆయనే పిలిచాడు.

"అమ్మాయిగారూ, అది రాయకండమ్మా."

"ఏమిటండి?"

"కళ్ళు తిరిగేయని రాయకండి. సత్తిబాబుకి కళ్ళు తిరుగుతన్నాయని ఒక తోటలో తెలిస్తే పది తోటల్లో తెలుస్తాదండి. మరి నన్నెవరు పిలుస్తారండి? పడితే తమ తోటలో పడతాడని భయపడతారు కదండి. నాకు వేరే పని రాదండి."

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఒక్క షరతు పెట్టాను: డాక్టరుకి చూపించేదాకా చెట్టెక్కకూడదు. ఆయన "ఆయ్, అలాగేనండి" అన్నాడు. గైడ్ మేడమ్‌కి ఫోన్ చేసి ఊరూ పేరూ లేకుండా జరిగింది చెప్పాను. కొలతలు వెంటనే ఆపమన్నారు. ఆయన ఇంటికి వెళ్ళి మొదటి నుంచి అడగమన్నారు.

మర్నాడు అమలాపురం నుంచి తొలి బస్సుకి వెళ్ళాను. బస్సు, కాలవను నది మీదుగా దాటించే అక్విడక్టు పక్కనుంచి పోతుంటే గోదావరి పాయ మీద మంచు పాలమీగడలా కదలకుండా ఉంది. నది మధ్య లంకలో ఎక్కడో ఒక్క చెట్టు తల మంచు పైకి తేలింది. దాని మీద ఎవరైనా ఉన్నారేమోనని మలుపు తిరిగేదాకా చూశాను.

సత్తిబాబు భార్య పార్వతి గుమ్మంలోనే ఎదురొచ్చింది. "రండమ్మా, రండి. కుర్చీలో కూర్చోండి. టిఫిన్ చేసేరాండి?"

"ఆయ్, చేసేనండి" అన్నాను.

నేనేమీ తినలేదు. నాలుగున్నరకు లేచి, కాఫీ కూడా తాగకుండా బస్సెక్కాను. అయినా ఆ మాట నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. ఎందుకంటే మా వైపు ఎవరి గుమ్మంలోనైనా తినలేదని చెప్పడమంటే పెట్టమని అడగడమే. పెట్టకుండా వాళ్ళు ఊరుకోరు. వాళ్ళను ఇబ్బంది పెట్టకూడదని పుట్టినప్పటినుంచీ అందరం తిన్నామనే చెబుతాం. కడుపు మాడుతున్నా సరే.

నా సంచిలో పన్నెండుమంది రీకాల్ ఫారాలున్నాయి. అన్నీ తోటల్లో, ఆసాముల ఎదుట, పొద్దున్నే అడిగి రాసినవి. అందరూ ఇడ్లీలు తిన్నారు. అందరూ నీళ్ళు తాగారు. పరాయి ఊరినుంచి వచ్చిన పరిశోధకురాలికి తెలియకపోవడం వేరు. నేను ఇక్కడే పుట్టాను.

"లేదండి. తినలేదండి. అబద్ధం చెప్పేను" అన్నాను.

పార్వతి తెల్లబోయి చూసి, నవ్వి, లోపలికి వెళ్ళి పళ్ళెంలో రెండు అట్లు తెచ్చింది. తింటూ అడిగాను. "సత్తిబాబు గారు పనికెళ్ళే ముందు నిజంగా ఏం తింటారండి?"

"తింటమేంటమ్మా! ఇరవయ్యేళ్ళయ్యింది పొద్దున్న పూట ఆయన ముద్ద ముట్టి. ఓ అరగ్లాసు టీ. అంతే. మళ్ళీ మజ్జాన్నం రెండింటికి అన్నం."

మంచం మీద కూర్చున్న సత్తిబాబు నేల చూస్తూ అన్నాడు. "కడుపులో ఏదుంటే అది మానుకేసి నొక్కుకుంటాదండి. వాంతొచ్చినట్టుంటాది. నీళ్ళు తాగితే మరీనండి. మా నాన్న కూడా అంతేనండి."

"మరి మందులు?"

పార్వతి గూట్లోంచి ఒక మాత్రల అట్ట తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. సంక్రాంతి వెళ్ళాక ఊళ్ళో ఎవరో క్యాంపు పెడితే బీపీ ఎక్కువుందని రాశారట. రోజూ పొద్దున్నే ఒకటి. పేరు చదివాను. ఒంట్లో నీటిని బయటికి పంపి బీపీ తగ్గించే రకం. రాసినవాళ్ళ తప్పేమీ లేదు. ఏం పని చేస్తావని అడిగితే ఈయన "వ్యవసాయం అండి" అన్నాడట.

ఖాళీ కడుపు, ఎండిన ఒళ్ళు, ఉన్న కాస్త నీటినీ లాగేసే మాత్ర, ఆ పైన చెట్టు. నాకప్పుడు గ్రాఫులోని ఆ మూడు నిమిషాలు గుర్తొచ్చాయి.

"పైన గెల కోశాక కాసేపు ఆగుతారు కదండి. అప్పుడేం చేస్తారండి?"

"ఆగకపోతే దిగలేనండి. లేచేసరికి చీకటొచ్చేస్తాదండి. అది పోయేదాకా మట్ట పట్టుకుని కూర్చుంటానండి."

"ఏం కనబడుతుందండి అక్కడినుంచి?" అని అడిగేశాను. ఎందుకడిగానో తెలియదు.

"కళ్ళే కనపడవు కదమ్మా" అన్నాడాయన.

అతి మామూలుగా అన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చాక డైరీలో గోదావరి పాయ గురించి రాసిన పేజీని చింపబోయి, చింపకుండా ఉంచేశాను. అది ఉండటమే మంచిదనిపించింది.

ఆ మధ్యాహ్నమే అమలాపురంలో ఒక డాక్టరుగారి దగ్గరికి పార్వతితో కలిపి ముగ్గురం వెళ్ళాం. నేను గుండె గ్రాఫులూ తూకాల లెక్కలూ చూపించాను. సత్తిబాబు ఈసారి చేసే పని పేరు చెప్పాడు. డాక్టరుగారు ఈసీజీ తీయించి, పడుకోబెట్టీ నిలబెట్టీ బీపీ చూసి, మాత్ర మార్చారు, పూట కూడా మార్చారు. రెండు వారాలు చెట్టెక్కొద్దన్నారు. తోటల్లో అబ్బులు "పెళ్ళికెళ్ళేడండి" అని చెప్పుకొచ్చాడు. ఎవరి పెళ్ళని అడిగినవాళ్ళకు రోజుకో పేరు చెప్పాడు.

తిండి సంగతి నా పని. పనికి రెండు మూడు గంటల ముందు తేలికగా అరిగేది తినమని మా పుస్తకాలు చెబుతాయి. నేను అరటిపండనీ రాగిజావనీ జాబితా రాసిస్తే సత్తిబాబు మర్యాదగా తలూపాడు. ఈసారి ఆ ఊపును నేను నమ్మలేదు. పార్వతి వైపు చూశాను.

"ఇయ్యన్నీ ఆయన తినడమ్మా. మా అత్తగారు తరవాణి పెట్టేది. అది తాగుతావా?" అని మొగుణ్ణి అడిగింది. రాత్రి అన్నంలో నీళ్ళూ గంజీ పోసి పులియనిచ్చే కుండ అది. నీళ్ళకు నీళ్ళు, ఉప్పుకు ఉప్పు, కాస్త అన్నం. నేను మందుల షాపులో కొని తెచ్చిన ఓఆర్‌ఎస్ పొట్లాలు సంచిలోనే ఉండిపోయాయి.

"నాలుగింటికి తాగితే ఆరింటికి బరువుండదులే" అన్నాడు సత్తిబాబు.

ఇక మిగిలింది పని మధ్యలో నీళ్ళు. మా తోటల్లో దింపు చేసినవాళ్ళకు కొబ్బరిబొండం ఇవ్వడం ఆనవాయితీ, కానీ అది పనంతా అయ్యాక, ఆసామి పిలిచి ఇస్తేనే. అప్పటిదాకా తలల మీద వందల కాయలున్నా, తన చేత్తోనే కోస్తున్నా, ఒక్కటి కొట్టుకు తాగడు ఎవడూ. ఎవరూ పెట్టిన నిబంధన కాదు. మర్యాద.

రెండు వారాల తర్వాత సత్తిబాబు మళ్ళీ పనిలోకి దిగే ముందు రోజు పెదనాన్నగారి దగ్గరికి వెళ్ళాను. ఆయనతో నేను అంతవరకు అడిగినవాటికి జవాబులు తప్ప మాట్లాడింది లేదు.

"పెదనాన్నగారూ, రేపటినుంచి పది చెట్లకోసారి సత్తిబాబు గారికి బొండం ఇవ్వాలండి. పని మధ్యలోనే."

"మధ్యలోనా? ఎందుకే?"

"స్టడీ కోసమండి. ప్రోటోకాల్ అండి."

అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. ఆయన నన్ను కాసేపు చూసి, "ప్రోటోకాలా! సరే, అయితే రెండిద్దాం" అన్నారు. చీమల సంగతి ఆయన నమ్మారో లేదో నేనిప్పటికీ అడగలేదు.

మిగతా తోటల పని అబ్బులు చూసుకున్నాడు. "అమలాపురం అమ్మాయిగారి రూలండి! పది చెట్లకో బొండం. లేపోతే గుండె మిషను మొరాయించేస్తాదండి!" అని ఆసాములకు చెప్పేవాడట. మిషను అప్పటికే నా పెట్టెలో, తాళం వేసి ఉంది. రూలు మాత్రం ఊళ్ళు తిరిగింది. మిగతా పదకొండుమందినీ ఇళ్ళకు వెళ్ళి, వంటింటి గుమ్మంలో కూర్చుని, వాళ్ళ ఆడవాళ్ళ ఎదుట మళ్ళీ అడిగాను. ఏడుగురి ఇడ్లీలు మాయమయ్యాయి.

సత్తిబాబు లెక్కలన్నీ డిజర్టేషన్ నుంచి తీసేశాను. మొత్తం పన్నెండుమందిలో అందమైన గ్రాఫులు ఆయనవే. కానీ ఒక మనిషిని కొలుస్తూ మధ్యలో ఆయన తిండీ నీళ్ళూ మందూ మార్చేసినప్పుడు అవి కొలతలుగా పనికిరావు. "ఒక పార్టిసిపెంట్‌ను మినహాయించడమైనది" అని ఒక్క వాక్యం రాశాను.

వైవాకి వచ్చిన ఎగ్జామినర్ గారు సరిగ్గా ఆ వాక్యం మీదే వేలు పెట్టారు. "ఎందుకు తప్పుకున్నారు ఈయన?"

"తప్పుకోలేదు సార్. నేనే తప్పించాను. అధ్యయనం నడుస్తుండగా ఆయన విషయంలో నేను కలగజేసుకున్నాను."

"అది పద్ధతి కాదని మీకు తెలుసు కదా. డేటా సేకరణ పూర్తయ్యేదాకా ఆగాలి."

తెలుసు. ఆ జవాబుకి కావలసిన పేరాలన్నీ రాత్రి కంఠస్థం చేశాను.

"ఆగడానికి లేదు సార్. ఆయన చెట్టు మీద ఉన్నారు" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, పేజీ తిప్పారు.

ఇప్పుడు ఆటగాళ్ళకు ఏం తినాలో చెప్పడమే నా ఉద్యోగం. ఎవరైనా మైదానంలో నిలబడి అన్నీ సరిగ్గా తింటున్నామని చెబితే రాసుకుంటాను, కానీ ఆ ఫారం మీద సంతకం చేయను. ముందు వాళ్ళింటి అడ్రస్ అడుగుతాను.